రేవులో రాసిన పేర్లు, కొండల్లో రాయని పేర్లు

ఇలాంటి సంచికలో చరిత్ర వ్యాసం అనగానే రంప పితూరీ, అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు గుర్తుకు రావడం సహజం. ఆ కథలు ఎన్నిసార్లు రాసుకున్నా మనకు తనివి తీరదు. ఈసారి మాత్రం కొంచెం పొడిగా కనిపించే విషయం తీసుకున్నాం. రిజిస్టర్లు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఓడెక్కి వెళ్లారు, ఎవరిది ఏ కులం, ఎవరు ఈ దేశపు మనిషి అని సర్కారు రాసిపెట్టుకునే పుస్తకాల గురించి.

పొడి విషయమని పేజీ దాటేయకండి. హాస్టల్ సీటు దగ్గర్నుంచి పోడు పట్టా దాకా, స్కాలర్‌షిప్ నుంచి పాస్‌పోర్టు దాకా మీరు ఏ కిటికీ ముందు నిలబడినా లోపలి మనిషి అడిగేది ఒకటే. "మీ తాత కాగితం ఏదైనా ఉందా?" ఆ కాగితం కొందరి ఇళ్లలో ఎందుకు ఉంటుంది, మన ఇళ్లలో ఎందుకు ఉండదు అన్నదానికి నూట ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో చాలా భాగం మన కాకినాడ చుట్టూనే నడిచింది.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగానికి గోదావరి జిల్లా కలెక్టరు కచేరీ కాకినాడలో ఉండేది. కింద రేవు ఆయనదే, పైన మన్యం కూడా ఆయనదే. 1874 షెడ్యూల్డు జిల్లాల చట్టం ఏజెన్సీని మామూలు పాలన నుంచి విడదీశాక, చాలాకాలం కలెక్టరే అక్కడ గవర్నరుకు ఏజెంటుగా వ్యవహరించాడు. అంటే ఒకే బల్ల మీదికి రేవు లెక్కలూ కొండ లెక్కలూ రెండూ వచ్చేవి. రేవు పుస్తకంలో మనుషుల పేర్లు ఉండేవి. కొండ పుస్తకంలో ముఠాల పేర్లు ఉండేవి.

ముందు రేవు సంగతి చూద్దాం. కాకినాడ పెద్ద రేవు కాకముందు ఆ పేరు కోరంగిది. 1839 నవంబరు తుపానుకు కోరంగి దెబ్బతిని మళ్లీ కోలుకోలేదు. కానీ ఆ పేరు మాత్రం సముద్రం దాటి బతికింది. బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అనేవారు. మారిషస్‌లో 1843లో 'కోరింగా ప్యాకెట్' అనే ఓడలో వచ్చిన పూర్వీకుల గురించి తెలుగువాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు.

బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల దొరలకు చేతులు కరువయ్యాయి. అప్పుడు వాళ్ల కన్ను మన దేశపు కూలీల మీద పడింది. ఎవరు తీసుకెళ్తున్నారో, ఏం చెప్పి తీసుకెళ్తున్నారో అడిగేవాడు లేక దగా ఎక్కువైంది. అందుకే 1837లో మొదటి వలస చట్టం వచ్చింది. వెళ్లే కూలీని, తీసుకెళ్లే ఏజెంటును ఒక అధికారి ముందు నిలబెట్టాలి, ఒప్పందం షరతులు కాగితం మీద ఉండాలి. అది కూడా ఆగడాన్ని ఆపలేకపోవడంతో 1839లో కూలీల ఎగుమతినే నిషేధించారు. 1842లో మారిషస్‌కు మళ్లీ దారి తెరిచారు. 1864 చట్టం నాటికి రేవుల్లో వలసదారుల సంరక్షకుడు అనే అధికారి ఉన్నాడు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. 1983 వలస చట్టంలోనూ అదే పదవి ఉంది. ఇప్పుడు దాన్ని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అంటున్నారు.

సంరక్షకుడు అన్న మాటకు మనం మరీ మురిసిపోనక్కర్లేదు. అతను ఉన్నా మోసాలు జరిగాయి, ఓడల్లో చావులు జరిగాయి. కానీ అతని వల్ల ఒక పుస్తకం తయారైంది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నవంబరులో 'ట్రురో' అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను చేర్చింది. 1911 దాకా అలా లక్షన్నర మంది వెళ్లారు. అందులో తెలుగువాళ్లు చాలామంది. ఓడ జాబితాలో ఒక్కొక్కరికి ఒక నంబరు. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివరికి ఒంటి మీద పుట్టుమచ్చ, మానిన గాయం గుర్తు. మనిషి పారిపోతే పట్టుకోవడానికి రాసిన గుర్తులు అవి. ప్రేమతో రాసినవి కావు.

అయినా నూట అరవై ఏళ్ల తర్వాత ఆ గుర్తులే మునిమనవళ్లకు ఆధారమయ్యాయి. మారిషస్‌లో మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ పాత వలస రిజిస్టర్లను భద్రంగా ఉంచారు. అక్కడివాళ్లు తమ తాత నంబరు వెతుక్కుని, ఏ జిల్లా నుంచి వచ్చాడో తెలుసుకుంటారు. 2024 మార్చిలో మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆ దేశానికి వెళ్లి, భారత సంతతికి చెందిన ఏడో తరం వాళ్లు కూడా ఓసీఐ కార్డు పొందేలా ప్రత్యేక ఏర్పాటు చేస్తున్నట్టు ప్రకటించారు. ఆ మాట చెప్పింది ఒక సంతాలు ఆడబిడ్డ అని మనకు గర్వం. దానితో పాటు ఒక ప్రశ్న కూడా మనసులో మెదిలింది. ఏడు తరాల కింద ఓడెక్కిన మనిషికి కాగితం దొరుకుతోంది. ఏడు తరాలుగా కొండ దిగని మనిషికి ఎందుకు దొరకడం లేదు?

కారణం పగ కాదు. అవసరం లేకపోవడం. సర్కారు మనిషి పేరు రాసేది అతనితో పని ఉన్నప్పుడే. రైత్వారీ గ్రామాల్లో ప్రతి రైతు దగ్గరా విడిగా శిస్తు వసూలు చేయాలి కాబట్టి ప్రతి పట్టాదారు పేరూ కరణం పుస్తకంలో ఎక్కింది. మన్యంలో అలా కాదు. ముఠాదారు తన ముఠాకు కట్టుబడి కింద ఇంత అని కట్టేస్తే చాలు. ఆ ముఠాలో ఎన్ని ఇళ్లు, ఎవరికి ఎంతమంది పిల్లలు అన్నది దొరకు అక్కర్లేదు. మద్రాసు రాష్ట్రానికి 1899లో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది. మైదానంలో గ్రామ మునసబు చేతికి ఆ పుస్తకం ఇచ్చారు. కరణం, మునసబు లేని కొండ పల్లెలో ఆ పుస్తకం ఎవరి చేతికివ్వాలి?

ముఠాదారీ పద్ధతిని రద్దు చేసే రెగ్యులేషన్ వచ్చింది 1969లో. దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం వచ్చింది కూడా 1969లోనే. అంటే మన పెద్దల పేర్లు భూమి పుస్తకంలోకి, పుట్టుక పుస్తకంలోకి రావడానికి దారి పడింది ఒకే ఏడాది. దారి పడటం వేరు, నడవడం వేరు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కొండ పల్లెల్లో పురుడు ఇంట్లోనే జరిగేది. పిల్లాడు బడికి వెళ్లినప్పుడు మాస్టారు మొహం చూసి వయసు అంచనా వేసి, జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ రాసేవారు. మన పెద్దల్లో ఎంతమందికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉందో ఒకసారి ఇంట్లో చూడండి.

మన తెగలన్నీ ఇలా పుస్తకం బయటే ఉండిపోలేదు. ఎరుకుల వాళ్లను సర్కారు చాలా శ్రద్ధగా రాసుకుంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి తెచ్చారు. ఉప్పు, ధాన్యం మూటలు గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లకు రైలు రావడంతో వ్యాపారం పోయింది. వ్యాపారం పోయిన మనిషి తిరుగుతూ కనిపిస్తే పోలీసుకు అనుమానం. కులం మొత్తాన్ని నేరస్థులుగా ప్రకటించి వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు వేశారు. ఊరు దాటాలంటే పాసు ఉండాలన్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో అలా పుట్టిన సెటిల్‌మెంటే. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఆ వేలిముద్రల పుస్తకం ఆ కుటుంబాల పక్కన ఏనాడూ సాక్ష్యం చెప్పలేదు. రిజిస్టరు అనగానే మన ముసలివాళ్లలో కొందరు ఇప్పటికీ ఎందుకు బెదురుతారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. జనాభా లెక్కలకు వచ్చిన మాస్టారికి సగం పేర్లే చెప్పే అమ్మమ్మను చూసి నవ్వకండి.

ఇప్పుడు మళ్లీ రేవుకు వద్దాం. కాకినాడ నుంచి, విశాఖ నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచిన రోజుల్లో గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల కూలీలు వేల సంఖ్యలో వెళ్లేవారు. రైస్ మిల్లుల్లో, రేవులో, రిక్షాల మీద పని. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. బర్మా అప్పుడు ఇండియాలో ఒక రాష్ట్రం. మేస్త్రీ ముందు డబ్బిస్తాడు, డెక్కు మీద కూర్చోబెడతాడు, అంతే. తోటలకు వెళ్లినవాళ్లకు జరిగినంత నమోదు వీళ్లకు జరగలేదు. దేశం లోపలే తిరుగుతున్నారు కదా అన్న ధీమా. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పనిలోకి తీసుకున్నారు. తర్వాత సమ్మె తీరిపోయి పాతవాళ్లు తిరిగి రాగానే వీళ్లను పొమ్మన్నారు. ఇద్దరు పేదల మధ్య నిప్పు అంటుకుంది. వంద మందికి పైగా చనిపోయారు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. నిన్నటిదాకా ఇంటి మనిషిగా ఉన్న కూలీ ఒక్క తేదీతో పరాయివాడయ్యాడు. అతను ఎక్కడికీ కదల్లేదు. సరిహద్దే వచ్చి కాళ్ల కింద పడింది. 1941లో వలసల మీద రెండు ప్రభుత్వాలూ పర్మిట్లు, వీసాలంటూ ఒప్పందం రాసుకున్నాయి. అది నిలదొక్కుకోకముందే యుద్ధం వచ్చింది. ఆ డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాయి. లక్షల మంది అడవుల గుండా, కొండల గుండా అస్సాం వైపు, చిట్టగాంగ్ వైపు నడిచారు. వేల మంది దారిలోనే రాలిపోయారు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి.

తర్వాత బర్మాకు తిరిగి వెళ్లినవాళ్లకు, అక్కడే మిగిలినవాళ్లకు 1948 పౌరసత్వ చట్టం ఎదురైంది. దరఖాస్తు పెట్టుకోవాలి, ఎన్నేళ్ల నుంచి ఉన్నావో చూపించాలి. చదువురాని కూలీ దగ్గర ఏముంటుంది? 1964లో దుకాణాలను జాతీయం చేశాక మరో మూడు లక్షల మంది దాకా వెనక్కి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

వాళ్లలో ఎక్కువమంది మైదానం కూలీలే కదా, మన సంచికలో ఎందుకు అంటారా? సరిహద్దు కాళ్ల కింద పడటం అంటే ఏమిటో మన చింతూరు, కూనవరం వాళ్లను అడగండి. భద్రాచలం తాలూకా 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. ఆ ఏడాది మద్రాసు రాష్ట్రంలో గోదావరి జిల్లాకు వచ్చింది. 1959లో ఖమ్మం జిల్లాకు వెళ్లింది. 2014లో రాష్ట్ర విభజన సమయంలో, పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలను తూర్పు గోదావరికి తెచ్చారు. 2022 పునర్విభజనలో అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపారు. శబరి ఒడ్డున 2005లో పుట్టిన పిల్ల పుట్టిన జిల్లా ఖమ్మం, పదో తరగతి నాటికి తూర్పు గోదావరి, డిగ్రీ నాటికి అల్లూరి జిల్లా. ఆ పిల్ల గడప దాటకుండానే మూడు జిల్లాలు మారింది. ఉద్యోగం దరఖాస్తులో 'స్థానికత' అన్న గడి దగ్గర మూడు కాగితాలూ జతచేసి, మూడూ ఒకే ఊరివని వివరించుకోవాలి.

ఇక గడప దాటినవాళ్ల సంగతి ఇంకా కష్టం. షెడ్యూల్డు తెగ అన్న గుర్తింపు దేశానికంతటికీ ఒక్కటి కాదు. రాష్ట్రపతి ఉత్తర్వులో ప్రతి రాష్ట్రానికీ వేరే జాబితా ఉంటుంది. ఆ గీత దాటితే హోదా వెంట రాదు. గంజాం, విశాఖ మన్యాల నుంచి బ్రిటిష్ కాలంలో సవరలను, కొందులను అస్సాం తేయాకు తోటలకు తీసుకెళ్లారు. ఇక్కడ వాళ్ల అన్నదమ్ములు షెడ్యూల్డు తెగ. అక్కడ తరాలుగా తోటల్లో పనిచేసినా తోట కూలీల తెగలన్న పిలుపే తప్ప ఆ హోదా దక్కలేదు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే విషయం తేల్చింది. తెనాలిలో పుట్టి తండ్రి ఉద్యోగంతో బొంబాయి చేరిన ఒక గౌడు తెగ విద్యార్థి అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. ఆంధ్రలో ఎస్టీ అయినంత మాత్రాన మహారాష్ట్రలో కాదని కోర్టు చెప్పింది.

ఈ తీర్పు భారం ఎక్కువగా మోస్తున్నది ఇప్పుడు మన పక్కనే ఉన్న గుత్తికోయలు. 2005లో బస్తర్‌లో సల్వా జుడుం మొదలయ్యాక ఇళ్లు తగలబడి, ఇటు నక్సలైట్లకూ అటు జుడుంకూ మధ్య నలిగి, అడవి దాటి చింతూరు వైపు, ఖమ్మం వైపు వచ్చారు. జుడుం కోసం ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ వచ్చినవాళ్లలో చాలామందికి వెనక్కి వెళ్లడానికి ఊరు మిగల్లేదు. వాళ్లు పరదేశీయులు కాదు. ఈ దేశంలో ఎక్కడైనా తిరగడానికి, ఉండడానికి రాజ్యాంగం 19వ అధికరణం హక్కు ఇచ్చింది. వాళ్ల భాష శబరికి ఇవతలి కోయ ముసలమ్మకు అర్థమవుతుంది. మన రాష్ట్ర జాబితాలో కోయల కింద 'గుట్ట కోయ' అన్న పేరు ఉంది కూడా. అయినా వీళ్లు వేరు, అవతలి రాష్ట్రం వాళ్లు అన్నదే సర్కారు లెక్క. అటవీ హక్కుల చట్టానికి ఆఖరి తేదీ 2005 డిసెంబరు 13. జుడుం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఆ తేదీ ఎలా కలిసొస్తుంది?

మనలోనే కొందరు వీళ్లకు సర్టిఫికెట్ ఇవ్వొద్దంటారు. ఉన్న కొద్ది సీట్లు, ఉన్న కొద్ది అడవి పంచుకోవాల్సి వస్తుందన్న భయం. ఆ భయాన్ని మేము కొట్టిపారేయం. దొంగ సర్టిఫికెట్లు మనల్ని ఎంత ముంచాయో మాకు తెలుసు. మైదానం వాళ్లు మన తెగల పేర్లు తగిలించుకుని ఉద్యోగాలు తన్నుకుపోతుంటే గట్టి పరిశీలన కావాలని అడిగింది మన సంఘాలే. అలా వచ్చిందే 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం. కులాన్ని నిరూపించుకునే భారం అడిగినవాడిదే అని అందులో రాశారు. 1994లో సుప్రీంకోర్టు పరిశీలన సంఘాలు వేయమంది. ఇవన్నీ మనకు రక్షణే. కాకపోతే ఆ భారం దొంగ మీద, నిజం మనిషి మీద సమానంగా పడదు. దొంగ కాగితాలు తయారుచేసుకునే వస్తాడు. తాత పేరు ఏ పుస్తకంలోనూ లేని కొండరెడ్డి కుర్రాడు ఒట్టి చేతులతో వస్తాడు. విచారణ అంటే కాగితం అడగడమే కాదు, ఊరికి వెళ్లి ఇంటిపేరు, గోత్రం, పండగ, చుట్టరికం అడిగి తెలుసుకోవడం కూడా. ఆ పని చేసిన అధికారులు లేకపోలేదు. అది చేయాలని అడిగే హక్కు మీకు ఉంది.

ఇప్పటి చట్టాల సంగతి కొంచెం. పుట్టుకతో పౌరసత్వం అన్నది పుట్టిన తేదీని బట్టి మారుతుంది. 1987 జూలై 1కి ముందు ఈ నేల మీద పుడితే చాలు. ఆ తర్వాత పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవాళ్లకు ఇద్దరి సంగతీ చూస్తారు. ఒకరు పౌరులైతే రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. మీలో ఇప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లు చాలామంది ఈ మూడో గీతకు ఇవతలే పుట్టారు. జనన మరణాల చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరడం, ఓటు, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి నమోదు, సర్కారు ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నింటికీ పుట్టిన తేదీకి, చోటుకు జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. మాస్టారు రాసే జూన్ తేదీతో ఇక పని జరగదు.

ఇంట్లో పురుడు జరిగితే 21 రోజుల్లోగా ఇంటి పెద్ద పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. బిడ్డకు పేరు పెట్టకపోయినా పరవాలేదు, పుట్టుక రాయించి పేరు తర్వాత చేర్చవచ్చు. మన పల్లెల్లో పేరు పెట్టే పండగ అయ్యేదాకా ఆగి గడువు దాటేవాళ్లు చాలామంది. నెల దాటితే అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది. గల్ఫ్ వైపు చూసేవాళ్లకు ఇంకో మాట. పది పాసైతే పాస్‌పోర్టు మీద వలస తనిఖీ ముద్ర పడదు. పాస్ కాకపోతే కువైట్ లాంటి దేశాల్లో పనికి వెళ్లేముందు ఆ పాత సంరక్షకుడి ఆఫీసు అనుమతి తప్పదు. గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్తున్న ఆడవాళ్లను ఏజెంట్లు ఆ అనుమతి తప్పించి విజిట్ వీసాల మీద పంపిస్తే, అక్కడ ఏ కష్టం వచ్చినా వాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు.

మళ్లీ శబరి ఒడ్డుకు. 2005 తర్వాత ఇటు వచ్చిన గుత్తికోయ ఇళ్లలో ఇక్కడే పుట్టిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లవుతున్నారు. సర్కారు ఆసుపత్రిలో పుట్టినవాళ్ల జనన పత్రం మీద పుట్టిన చోటు ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. కులం కాగితం కోసం వెళితే మాత్రం రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన నాటికి మీ కుటుంబం ఏ రాష్ట్రంలో ఉండేది అన్నదే చూస్తారు. తండ్రికి ఛత్తీస్‌గఢ్‌లో ఇచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే దాని ఆధారంగా పిల్లవాడికి ఇక్కడ కాగితం ఇవ్వవచ్చని కేంద్రం ఉత్తర్వులు ఉన్నాయి. అలా వచ్చిన కాగితం కూడా ఈ రాష్ట్రపు సీటుకు పనికిరాదు, అవతలి రాష్ట్రంలోనూ కేంద్ర ఉద్యోగాల్లోనూ చెల్లుతుంది. అసలు తండ్రికి అలాంటి కాగితం ఏనాడైనా ఇచ్చారో లేదో. ఇచ్చి ఉంటే అది కాలిపోయిన ఇంట్లో ఉంది.